కచేరీయా, వర్క్‌షాపా, సినిమానా? బెజవాడ కళల సీజన్‌లో దేనికి వెళ్లాలి

దసరా రోజుల్లో ఊరు ఊరంతా ఇంద్రకీలాద్రి చుట్టూ తిరుగుతుంది. ఆ హడావిడి సద్దుమణిగి కార్తీకంలో పడగానే వాట్సాప్ గ్రూపుల్లోకి ఆహ్వానపత్రికలు వరసకట్టి వస్తాయి. డిసెంబరు 4న ఘంటసాల జయంతి, జనవరి మొదట్లో పుస్తకాల పండగ, పుష్య బహుళ పంచమికి త్యాగరాజ ఆరాధన, ఫిబ్రవరి 11న ఘంటసాల వర్ధంతి. మార్చిలో పిల్లల పరీక్షలు మొదలయ్యేదాకా ఏ శనివారం చూసినా రెండు మూడు కార్యక్రమాలు ఒకదాని మీద ఒకటి పడుతూనే ఉంటాయి. వీటికి తోడు ఏదైనా చిన్న కళావేదిక నాలుగైదు నెలలకు కలిపి ఒకే పట్టిక వేసిందంటే, కచేరీలు, వర్క్‌షాపులు, సినిమా ప్రదర్శనలు అన్నీ ఒక్క కాగితం మీదే కనిపిస్తాయి. అన్నిటికీ వెళ్లాలనిపిస్తుంది. రెండో వారానికే ఓపిక అయిపోతుంది.

మన ఊళ్లో ఎంపిక కష్టమవడానికి ఇంకో కారణం ఉంది. చాలావాటికి టికెట్టే ఉండదు. పత్రిక అడుగున ‘ప్రవేశం ఉచితం, అందరూ ఆహ్వానితులే’ అని ఉంటుంది. డబ్బు పెట్టి కొన్నదైతే ముందే ఆలోచిస్తాం, కొన్నాక తప్పకుండా వెళ్తాం. ఉచితం కాబట్టి వెళ్లకపోయినా పోయేదేమీ లేదనిపిస్తుంది, వెళ్లినా మధ్యలో లేచి రావచ్చులే అనిపిస్తుంది. ఇక్కడ ఖర్చయ్యేది సాయంత్రం. ఆఫీసు నుంచి వచ్చి, బెంజి సర్కిల్ ట్రాఫిక్ దాటి, బండికి చోటు వెతుక్కుని కూర్చునే మూడు గంటలు. ఆ లెక్కతోనే పట్టికను చూడాలి.

నా పద్ధతి ముందే చెప్పేస్తాను. పట్టిక చేతికి రాగానే మొదట వర్క్‌షాపుల తేదీలు చూసి ఒకటి ఖాయం చేసుకోండి. తర్వాత కచేరీలు రెండో మూడో ఎంచుకోండి. సినిమాలు చివర. చాలామంది దీన్ని తిరగేసి చేస్తారు. సినిమా తేలిక కాబట్టి దానికి ముందు వెళ్తారు, వర్క్‌షాప్ అంటే అదేదో పిల్లలకనుకుని వదిలేస్తారు. కానీ సీట్లు తక్కువ ఉండేది వర్క్‌షాపులోనే, ముందుగా పేరు ఇవ్వాల్సిందీ దానికే. పైగా స్వరకల్పన (అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడటం) అంటే ఏమిటో ఒక పూట కూర్చుని తెలుసుకుని వచ్చినవాళ్లు ఆ తర్వాత వినే ప్రతి కచేరీనీ వేరే చెవులతో వింటారు. ఆ లాభం సీజన్ చివర్లో వెళ్తే రాదు, మొదట్లో వెళ్తేనే వస్తుంది.

ముందు పత్రిక చదవడం నేర్చుకోవాలి

ఏది ఎంచుకున్నా ఆహ్వానపత్రికను కొంచెం అనుమానంగా చదవండి. మొదట చూడాల్సింది కళాకారుల పేర్లు ఎక్కడున్నాయన్నది. పైన సభాధ్యక్షులు, ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథులు, గౌరవ అతిథులు, వీళ్లందరి ఫొటోలూ అయ్యాక అడుగున చిన్న అక్షరాల్లో పాడేవాళ్ల పేరుంటే ఆ సాయంత్రం ఎవరిదో తేలిపోయినట్టే. జ్యోతి ప్రజ్వలన, స్వాగతోపన్యాసం, ఒక్కొక్కరికీ శాలువా, జ్ఞాపిక, ఫొటో, ‘రెండు మాటలు మాట్లాడి ముగిస్తాను’ అన్నవారి ఇరవై నిమిషాలు. ఆరింటికని వేసిన కచేరీ ఏడు దాటాక మొదలవుతుంది. హాలు మాత్రం తొమ్మిదికల్లా ఖాళీ చేయాలి. అంటే కోత పడేది పాటకే.

‘5.30కు సభ, 6.30కు కచేరీ’ అని విడివిడిగా వేసినవాళ్లు నిజాయితీపరులు. సన్మానం కచేరీ అయ్యాక పెట్టుకున్నవాళ్లు ఇంకా మంచివాళ్లు. కచేరీ మధ్యలో, సరిగ్గా తని ఆవర్తనం (మృదంగం వాళ్లు ఒంటరిగా వాయించే వంతు) ముందు ఆపి శాలువాలు కప్పే సభలు కూడా ఉన్నాయి. అలాంటి చోటికి నేను మాత్రం వెళ్లను.

రెండోది, పక్కవాద్యాల పేర్లు. ‘గాత్రం: ఫలానా, మరియు బృందం’ అని వదిలేశారా, వయొలిన్ ఎవరు, మృదంగం ఎవరు, ఘటమో మోర్సింగో ఉందా అని వివరంగా రాశారా? పేర్లు రాశారంటే ఏర్పాటు ముందే జరిగిందని అర్థం. ఆకాశవాణి గ్రేడు రాసి ఉంటే అదీ చూడండి. బి, బి హై, ఏ, టాప్ అని వాళ్లు ఆడిషన్ చేసి ఇచ్చే గ్రేడులు ఎవరో పొగడ్తగా ఇచ్చిన బిరుదులకన్నా నమ్మదగ్గవి. మన దగ్గర బిరుదులు కాస్త ఉదారంగానే పంచుతాం.

కచేరీల్లో రకాలు, వాటిలో తేడాలు

కచేరీ అన్న ఒక్క మాట కింద పట్టికలో కనీసం నాలుగు రకాలు ఉంటాయి. శాస్త్రీయ సంగీతం, సినిమా పాటల విభావరి, కూచిపూడి, ఇంకా పద్య నాటకం, హరికథ, బుర్రకథ లాంటివి. ఒకదాని మీద మోజుతో ఇంకోదానికి వెళ్తే నిరాశ తప్పదు.

శాస్త్రీయ కచేరీకి ఈ ఊళ్లో వెళ్లకపోతే ఇంకెక్కడ వెళ్తారని అడుగుతాను. పారుపల్లి రామకృష్ణయ్య పంతులు శిష్యులను తయారుచేసింది ఇక్కడే. ఆ శిష్యుల్లో మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఒకరు, 2021లో పద్మశ్రీ అందుకున్న వయొలిన్ విద్వాంసులు అన్నవరపు రామస్వామి ఇంకొకరు. 1948 డిసెంబరు 1న ఆకాశవాణి కేంద్రం వచ్చాక చుట్టుపక్కల విద్వాంసులందరికీ ఈ ఊరు కూడలి అయింది. అందుకే ఇప్పటికీ పెద్ద పేరు లేని గాయకుడి కచేరీలో కూడా పక్కన వయొలిన్, మృదంగం గట్టివాళ్లే దొరుకుతారు. పైగా త్యాగరాజు, క్షేత్రయ్య, అన్నమయ్య, రామదాసు అందరూ ఎక్కువగా రాసింది తెలుగులోనే. మదరాసు సభలో కూర్చున్నవాళ్లు భావం కోసం పుస్తకం తెచ్చుకుంటారు. మనకు ఆ ఇబ్బంది లేదు. గాయకుడు మాటను విరగ్గొట్టకుండా పాడితే చాలు.

కొత్తవాళ్లకు భయం నిడివి దగ్గరే. మామూలుగా రెండు, రెండున్నర గంటలు. వర్ణంతో మొదలై, రెండు మూడు చిన్న కీర్తనలయ్యాక ప్రధాన కీర్తన వస్తుంది. దానికి రాగాలాపన, నెరవు (ఒకే పంక్తిని రకరకాలుగా తిప్పి పాడటం), స్వరకల్పన ఉంటాయి, ఆ వెంటనే మృదంగం వాళ్ల తని ఆవర్తనం. తర్వాత తేలికపాటివి: ఒక అన్నమయ్య సంకీర్తన, ఒక జావళి, తిల్లానా, మంగళం. అంతా కూర్చోలేం అనుకునేవాళ్లు సాధారణంగా మొదటి గంట కూర్చుని లేచిపోతారు. కొత్తవాళ్లయితే నేను దీనికి ఎదురు చెబుతాను. గంట ఆలస్యంగా వెళ్లి చివరిదాకా ఉండండి. ప్రధాన కీర్తన దొరుకుతుంది, తని దొరుకుతుంది, చెవికి తేలిగ్గా ఎక్కే చివరి అంశాలూ దొరుకుతాయి. కాస్త అలవాటున్నవాళ్లు మాత్రం వర్ణం నుంచే ఉండాలి. గొంతు ఎలా వేడెక్కుతోందో వినడం కూడా కచేరీలో భాగమే. తని మొదలవగానే లేచి కాఫీకి బయల్దేరే అలవాటు మాత్రం ఎవరికీ వద్దు. ఆ వాయించే ఆయన అంతసేపూ వేరేవాళ్ల పాటకు పక్కన నిలబడ్డాడు. ఇప్పుడొచ్చిందే ఆయన వంతు.

మొట్టమొదటిసారి వెళ్లేవాళ్లకు ఇంకో సులువైన దారి త్యాగరాజ ఆరాధన. నాట, గౌళ, ఆరభి, వరాళి, శ్రీ రాగాల్లోని ఘనరాగ పంచరత్నాలను అందరూ కలిసి పాడతారు. గంట పైచిలుకులో అయిపోతుంది. ముందురోజు ఆ ఐదూ ఫోన్‌లో ఒకసారి వింటే, మర్నాడు సాహిత్యం కాగితం చేత్తో పట్టుకుని వెనక వరసలో కూర్చుని మీరూ గొంతు కలపొచ్చు. ఎవరూ ఏమీ అనరు.

సినిమా పాటల విభావరి సంగతి వేరు. అక్కడ అడగాల్సిన ప్రశ్న ఒక్కటే: లైవ్ ఆర్కెస్ట్రానా, ట్రాకా? కీబోర్డు, తబలా, వేణువు, వయొలిన్లు ఎదురుగా ఉండి పాడితే ఆ సాయంత్రం విలువ వేరు. కరోకే ట్రాక్ పెట్టి పాడేదయితే మీరు ఇంట్లో స్పీకరు పెట్టుకుని విన్నా పెద్ద తేడా ఉండదు. పాడేవాళ్లు మీ బంధువులైతే తప్ప. పాత పాటలకు మన ఊళ్లో జనం బాగా వస్తారు కాబట్టి సీటు కోసం అరగంట ముందు వెళ్లాలి. రెండు విభావరుల మధ్య ఎంచుకోవాల్సి వస్తే పాతిక పాటలు ప్రకటించినదాన్ని వదిలి పన్నెండు పాటలు ప్రకటించినదానికి వెళ్తాను. పాతిక పాటలంటే పల్లవి, ఒక చరణం, చప్పట్లు, తర్వాతివారు. పాట పూర్తిగా వినే భాగ్యం ఉండదు.

కూచిపూడికి మనం చాలా దగ్గరగా ఉన్నాం. ఆ ఊరు కృష్ణా జిల్లా మొవ్వ మండలంలో ఉంది. క్షేత్రయ్యదీ మొవ్వే, బందరు రోడ్డు మీది తుమ్మలపల్లి వారి క్షేత్రయ్య కళాక్షేత్రానికి పేరూ ఆయనదే. ఇంత దగ్గరగా ఉండి కూడా మనవాళ్లు నృత్యాన్ని ‘పిల్లల రంగప్రవేశం పిలుపు’గానే చూస్తారు. పట్టికలో నృత్యం ఉంటే రెండు విషయాలు కనుక్కోండి. పాట లైవ్‌గా ఉందా, రికార్డా? నట్టువాంగం (తాళాలు వేస్తూ నృత్యాన్ని నడిపించడం), గాత్రం, మృదంగం పక్కన ఉంటే నర్తకి ఒక పదాన్ని రెండోసారి తిప్పి అభినయించగలదు, రికార్డుకైతే ఆ స్వేచ్ఛ ఉండదు. రెండోది, విడి అంశాలా, కలాపమా? చిన్నపిల్లలతో వెళ్తే విడి అంశాలు మంచివి. పళ్లెం అంచుల మీద నిలబడి చేసే తరంగం చూసి నోరు వెళ్లబెట్టని పిల్లను నేను చూడలేదు. పెద్దలు వెళ్తే కలాపం. అందులో మాట ఉంటుంది, వెక్కిరింత ఉంటుంది, అది నాటకం.

సీటు విషయం కూడా ఇక్కడే చెప్పాలి. నృత్యానికి మొదటి వరస పనికిరాదు, వేదిక ఎత్తుగా ఉంటుంది కాబట్టి పాదాలు కనపడవు. ఐదారు వరసలు వెనక్కి రండి. సంగీతానికి స్పీకర్ బాక్సుల ముందు కూర్చోవద్దు, హాలు మధ్యలో కూర్చోండి. మన ఆపరేటర్లకు వాల్యూమ్ తగ్గించడం అంటే అవమానం.

పద్య నాటకం, హరికథ, బుర్రకథ గురించి ఒక్క మాట. నాటకాలకు గాంధీనగర్ హనుమంతరాయ గ్రంథాలయం ఎప్పటినుంచో పేరున్న చోటు. కందుకూరి వీరేశలింగం పుట్టిన ఏప్రిల్ 16ను తెలుగు నాటక రంగ దినోత్సవంగా జరుపుతారు కాబట్టి ఆ వారంలో నాటకాలు ఎక్కువ. బుర్రకథకు పద్మశ్రీ తెచ్చిన షేక్ నాజర్ గుంటూరు జిల్లా పొన్నెకల్లు మనిషి. కథకుడికి అటో వంత, ఇటో వంత, ఒకరు హాస్యానికి, ఒకరు రాజకీయానికి. ఇంట్లో బామ్మకూ ఏడో తరగతి మనవడికీ ఒకే కార్యక్రమం కావాలంటే నేను కళ్లు మూసుకుని బుర్రకథకు పంపుతాను. పద్య నాటకం మాత్రం అలవాటు లేనివాళ్లకు మొదటిసారి మొత్తం నాటకంగా వద్దు. ఎంపిక చేసిన ఘట్టాలు వేసే రోజుకు వెళ్లండి.

వర్క్‌షాప్: ఏం నేర్పుతారో కాదు, ఏం చేయనిస్తారో అడగండి

ఇక్కడే మోసపోవడానికి అవకాశం ఎక్కువ. పైసలు తీసుకునేదీ ఎక్కువగా ఇక్కడే. అందుకని కొంచెం విడమరిచి చెబుతాను.

ఉదాహరణకు పట్టికలో ‘కలంకారీ, ఒక్క రోజు’ అని ఉందనుకుందాం. మచిలీపట్నం దగ్గరి పెడనలో చేసే అచ్చు కలంకారీ అసలు ఎలా జరుగుతుందో తెలిస్తే ఆ ఒక్క రోజులో ఏం సాధ్యమో మీకే అర్థమవుతుంది. గుడ్డను ముందు గంజి పోయేలా ఉతకాలి. కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెట్టాలి. నలుపు రంగు కోసం తుప్పు పట్టిన ఇనుమును బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టాలి. ఎరుపు రావాల్సిన చోట పటిక ద్రావణంతో అచ్చు వేసి, ఆరనిచ్చి, పారే నీళ్లలో కడిగి, రంగు నీళ్లలో ఉడికించాలి. మళ్లీ ఉతకాలి, ఎండబెట్టాలి. అంటే ‘ఒక్క రోజులో కలంకారీ మొత్తం’ అని ఎవరైనా చెబితే అది ఫ్యాబ్రిక్ పెయింటు. కరక్కాయలో ముంచి సిద్ధం చేసిన గుడ్డ వాళ్లే తెచ్చి, చెక్క అచ్చుతో నలుపు మీ చేత కొట్టించి, మిగిలినవి చూపించి వివరిస్తామంటే అది నిజమైన వర్క్‌షాప్. ఫోన్ చేసి ‘గుడ్డ కరక్కాయ వేసిందేనా?’ అని అడగండి. అవతలివాళ్లు తడుముకుంటే ఆ ఆదివారం వేరే పని పెట్టుకోండి.

కొండపల్లి బొమ్మలదీ ఇదే కథ. తెల్లపొణికి కర్రను తేమ పోయేదాకా ఆరబెట్టి, భాగాలు భాగాలుగా చెక్కి, చింతగింజల పిండిలో రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతికించి, సుద్ద పూసి, అప్పుడు రంగులు వేస్తారు. రెండు మూడు గంటల వర్క్‌షాపులో మీ చేతికొచ్చేది తయారైన బొమ్మ, ఒక కుంచె. పిల్లలకు అది చాలు, బాగా సంతోషిస్తారు కూడా. పెద్దవాళ్లకైతే నా సలహా వేరు. కొండపల్లి మన ఊరికి ఎంతో దూరం లేదు. ఒక పొద్దున నేరుగా బొమ్మల కాలనీకి వెళ్లి చెక్కే చేతుల పక్కన కూర్చోండి, రెండు బొమ్మలు కొనుక్కుని రండి. వర్క్‌షాప్ ఫీజు తయారుచేసేవాళ్లకే వెళ్లినట్టవుతుంది. పెడనకూ అంతే, గుడివాడ మీదుగా మచిలీపట్నం వెళ్లే రైలు ఆ ఊళ్లో ఆగుతుంది. కాకపోతే దూరం ఎక్కువ, రోజంతా పెట్టుకోవాలి.

సంగీతం వర్క్‌షాపులకు వస్తే, ‘రెండు రోజుల్లో పాడటం నేర్చుకోండి’ రకం వదిలేయండి. నిజంగా నేర్చుకోవాలనుకుంటే దుర్గాపురంలో ఘంటసాల పేరుతో ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. నాలుగేళ్ల సర్టిఫికెట్, ఆ పైన రెండేళ్ల డిప్లొమా. బాలమురళీకృష్ణ ప్రిన్సిపాల్‌గా మొదలైన కళాశాల అది. వారాంతపు వర్క్‌షాప్ దానికి సాటి రాదు, రావాలని అడగడమూ అన్యాయం. వారాంతంలో మంచిది దొరికేది సోదాహరణ ప్రసంగం. ఒక విద్వాంసులు కూర్చుని ఒకే రాగాన్ని విప్పి, ఇదిగో ఆలాపన, ఇదిగో నెరవు, ఇక్కడ తాళం ఇలా లెక్కపెట్టుకోండి అని చెప్పి చేయించేది. పట్టికలో అది ఉంటే, అదీ సీజన్ మొదట్లో ఉంటే, మిగతావన్నీ పక్కన పెట్టి దానికి పేరివ్వండి. నేను వర్క్‌షాపులకు మొదటి స్థానం ఇచ్చిందే ఇలాంటివాటి కోసం.

నాటకం వర్క్‌షాపులకు ఇంకో కొలత. చివర్లో చిన్న ప్రదర్శన ఉంటుందా, ఎంతమందిని తీసుకుంటారు, ఒకే రోజా, వరసగా వారాంతాలా. నాటకం ఒక్క రోజులో ఆటల్లా గడిచిపోతుంది, గుర్తేమీ ఉండదు. నాలుగు వారాంతాలంటే కష్టమే కానీ, మాట్లాడటానికి టెన్షన్ పడే ఇంజనీరింగ్ కుర్రాళ్లకు అది చేసే మేలు పర్సనాలిటీ డెవలప్‌మెంట్ క్లాసులు చేయవు. పిల్లలకు వేసవి శిబిరాలు ఎలాగూ ఏప్రిల్ చివర్లో మొదలవుతాయి కాబట్టి చలికాలం సీట్లు పెద్దలు తీసుకోవడమే న్యాయం.

చివరగా, ఏ వర్క్‌షాపుకైనా: సామాను ఫీజులో కలిసిందా, విడిగానా? ఒక గురువుకు ఎంతమంది? మీరు చేసింది ఇంటికి తెచ్చుకోనిస్తారా? ఈ మూడూ ఫోన్‌లోనే తేల్చుకోండి.

సినిమా: ఇంట్లో దొరకనిదైతేనే

సినిమాను చివర పెట్టినందుకు సినిమా పిచ్చోళ్లకు కోపం రావచ్చు. గాంధీనగర్ నిండా డిస్ట్రిబ్యూటర్ల ఆఫీసులతో సినిమా వ్యాపారాన్ని నడిపించిన ఊరిది. అలాంటి చోట సినిమాను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. ఇంట్లో పెద్ద టీవీ, నాలుగు ఓటీటీలు ఉన్నప్పుడు బయటికెళ్లి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చూడటానికి ఒక కారణం కావాలంటాను, అంతే.

కారణాలు రెండే. ఒకటి, ఆ సినిమా ఇంట్లో దొరకకపోవడం. చిన్న డాక్యుమెంటరీలు, స్థానిక కుర్రాళ్లు తీసిన లఘుచిత్రాలు, పేరున్నా ఓటీటీలోకి రాని ఇతర భాషల సినిమాలు. రెండోది, సినిమా అయ్యాక మాట్లాడేవాళ్లు ఉండటం. దర్శకుడో, ఎడిటరో, కనీసం ఆ సినిమాను పదిసార్లు చూసినవారో ముందు నిలబడి అరగంట చర్చ నడిపితే ఇంట్లో ఎన్నిసార్లు చూసినా తెలియనివి తెలుస్తాయి. ఈ రెండిట్లో ఒకటీ లేకపోతే ఆ సాయంత్రాన్ని కచేరీకి ఇచ్చేయండి.

పట్టికల్లో 1950ల నాటి తెలుగు సినిమాలు తరచుగా కనిపిస్తే ఆశ్చర్యపోవద్దు. మన కాపీరైట్ చట్టం ప్రకారం సినిమా విడుదలైన మరుసటి క్యాలెండర్ ఏడాది నుంచి 60 ఏళ్లు గడిస్తే హక్కుల గడువు తీరిపోతుంది. హక్కుదారుల చుట్టూ తిరిగే పని లేకుండా వేదికలు అలాంటివి వేసుకోగలవు. కొత్త సినిమాను ఎవరైనా తమ సొంత ఓటీటీ ఖాతా నుంచి ల్యాప్‌టాప్‌తో పది మందికీ వేస్తున్నారంటే అది సరైన పద్ధతి కాదు. ఇంటికోసం తీసుకున్న చందాతో బహిరంగ ప్రదర్శన హక్కు రాదు. అలాంటి చోట సినిమా మధ్యలో ఇంటర్నెట్ ఆగి గుండ్రంగా చక్రం తిరుగుతుంటే, అందరూ కలిసి దాన్నే చూడాల్సి వస్తుంది కూడా.

పాత సినిమాల్లో చాలావరకు మూడు గంటల నిడివి. పెద్దవాళ్లతో వెళ్తే ఇంటర్వెల్ ఇస్తారా అని కనుక్కోండి. ఫిల్మ్ సొసైటీ పద్ధతిలో నడిపేవాళ్లు ఆపకుండా వేయడాన్ని గౌరవంగా భావిస్తారు, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఆ గౌరవం కాస్త ఖరీదు. ఇతర భాషల సినిమాలకు సబ్‌టైటిల్స్ దాదాపు ఎప్పుడూ ఇంగ్లీషులోనే ఉంటాయి. గబగబా చదవలేనివాళ్లను వెంట తీసుకెళ్తే మీరు సినిమా అంతా వాళ్ల చెవిలో కథ చెబుతూ కూర్చోవాలి. వెనకవాళ్లు ఊరుకోరు.

సభ్యత్వం తీసుకోవాలా

కొన్ని సంస్థలు ఏడాది సభ్యత్వం, పోషక సభ్యత్వం, జీవిత సభ్యత్వం అని అడుగుతాయి. బదులుగా ముందు వరసల్లో సీట్లు, పత్రిక ఇంటికి రావడం. ఒక సీజన్ ఊరికే వెళ్లి చూసి, సమయానికి మొదలుపెట్టేవాళ్లయితే ఏడాది సభ్యత్వం తీసుకోండి. సీటు కోసం కాదు, హాలు అద్దె, పక్కవాద్యాల వాళ్ల పారితోషికం ఎవరో ఒకరు కట్టాలి కాబట్టి. జీవిత సభ్యత్వం మాత్రం ఆ సంస్థ పదేళ్లు దాటి నడుస్తుంటేనే. మన ఊళ్లో కళాసంస్థలు ఉత్సాహంగా పుట్టి, కార్యదర్శికి బదిలీ కాగానే మాయమైపోవడం కొత్త కాదు.

ఒకే వారాంతంలో మూడూ పడితే

శనివారం సాయంత్రం శాస్త్రీయ కచేరీ, ఆదివారం పొద్దున కలంకారీ వర్క్‌షాప్, ఆదివారం సాయంత్రం పాత సినిమా అనుకుందాం. రెండు పూటలకు మించి ఎవరికీ ఓపిక ఉండదు. చంటిపిల్లలున్న ఇంట్లో భార్యాభర్తలు ఒకరు శనివారం, ఒకరు ఆదివారం పొద్దున వంతులేసుకోవడం మేలు. రెండేళ్ల పిల్లను కచేరీకి తెచ్చి తలుపు దగ్గర అటూ ఇటూ తిప్పడం కంటే అది నయం. ఎనిమిది దాటిన పిల్లలుంటే అందరూ కలిసి వర్క్‌షాపుకు వెళ్లండి, సినిమా వదిలేయండి, సోమవారం బడి ఉంది. ఒంటరిగా ఉండే ఉద్యోగస్తులకు శనివారం కచేరీ, ఆదివారం సినిమా. చర్చ ఉన్న సినిమాకు వెళ్తే ఊళ్లో నలుగురు స్నేహితులు దొరుకుతారు, కచేరీలో పక్కవాళ్లతో మాట్లాడలేం కదా.

పెద్దవాళ్లను తీసుకెళ్లేటప్పుడు కళాకారుడి పేరుకంటే ముందు హాలు గురించి కనుక్కోండి. పైఅంతస్తా, లిఫ్టుందా, మరుగుదొడ్డి ఎన్ని మెట్ల దూరం, ఏసీ ఉంటే శాలువా తీసుకెళ్లాలా. కార్యక్రమం అయిపోయాక ఆటో దొరకడం ఇంకో పరీక్ష. అందరూ ఒకేసారి బయటికొస్తారు. మంగళం మొదలవగానే యాప్‌లో బండి పిలుచుకునేవాళ్లను తిట్టుకునేదాన్ని, ఇప్పుడు అమ్మతో వెళ్తే నేనూ అదే చేస్తున్నాను.

గుంటూరు నుంచి వచ్చేవాళ్లకు లెక్క మారుతుంది. పండిట్ నెహ్రూ బస్టాండు నుంచి గుంటూరుకు నాన్‌స్టాప్ బస్సులు వరసగా ఉంటాయి కానీ, రాను పోను దాదాపు డెబ్భై కిలోమీటర్లు, దానికి ఇంటి నుంచి స్టాండుకు, స్టాండు నుంచి హాలుకు కలుపుకోవాలి. సాయంత్రం కచేరీ కోసం ఇంత తిరగడం వారం మధ్యలో దండగ. మీ ఊళ్లోనే శ్రీ వేంకటేశ్వర విజ్ఞాన మందిరం ఉంది, బృందావన్ గార్డెన్స్ గుడి దగ్గర అన్నమయ్య కళావేదిక ఉంది. సంగీతం, నృత్యం అక్కడే చూసుకోండి. బెజవాడ ప్రయాణాన్ని పగటిపూట వర్క్‌షాపులకు, ఆదివారం మధ్యాహ్నం సినిమాలకు దాచుకోండి. ఈ వైపు నుంచి అటు వెళ్లేవాళ్లకూ అదే లెక్క. తెనాలి నాటకాలకు మాత్రం మినహాయింపు: రాత్రి పొద్దుపోతుందని తెలిసే వెళ్లాలి, అక్కడే ఎవరింట్లోనో పడుకునే ఏర్పాటు ముందే చూసుకోవాలి.